బలానికి కొలబద్ద: గ్యాస్ బండ కాటా చెప్పే పాఠం

గ్యాస్ బండ ఇంటికి వచ్చినప్పుడు తూకం వేసి చూపించమని అడిగితే, డెలివరీ కుర్రాడు ట్రాలీ ఆటోలోంచి ఒక కొక్కెం కాటా తీస్తాడు. "జీరో చూస్కో అక్కా" అంటూ ముందు ఖాళీ కాటా చూపిస్తాడు. పై కొక్కెం గట్టిగా పట్టుకుని, కింది కొక్కేన్ని బండ పిడికి తగిలించి నేల మీంచి లేపుతాడు. ముల్లు ఒక్కసారిగా 30 దాటిపోతుంది, వెనక్కి వస్తుంది, మళ్ళీ దాటుతుంది, నాలుగైదు ఊపుల తర్వాత 29న్నర దగ్గర నిలబడుతుంది. బండ మెడ దగ్గర పట్టీ మీద అచ్చుకొట్టిన ఖాళీ బరువు 15.3 కిలోలు. తీసివేస్తే 14.2. ఇంటి సిలిండర్‌లో ఉండాల్సిన గ్యాస్ సరిగ్గా అంతే.

ఈ పది సెకన్లలో ఎనిమిదో తరగతి బలం పాఠం నుంచి ఇంటర్ మొదటి సంవత్సరం ఘనపదార్థాల అధ్యాయం దాకా చాలా భాగం జరిగిపోయింది. అసలు కాటా కొలిచింది గ్యాస్‌ను కాదు, కిలోలను కూడా కాదు. లోపలి స్ప్రింగు ఎంత పొడవు సాగిందో చూసి, ఆ పొడవు పక్కన కిలోల అంకెలు రాసి పెట్టారు. బలాన్ని కంటితో చూసినవారు ఎవరూ లేరు. అది చేసే పనిని బట్టే దాన్ని పోల్చుకోవాలి. ఆ పనులు రెండే: వస్తువు ఆకారం మారుస్తుంది, లేదా వేగం మారుస్తుంది. స్ప్రింగు మొదటి పని చేసి చూపిస్తుంది. దాన్ని ఆధారంగా పట్టుకుంటే రెండోది కూడా తేలిగ్గా అర్థమవుతుంది. బడిలో ఈ వరుస తలకిందులవుతోంది.

హైదరాబాద్‌లో ఆరో తరగతి నుంచే ఐఐటీ ఫౌండేషన్ పుస్తకాలు పట్టే పిల్లలు వేలల్లో ఉన్నారు. "బలం సమానం ద్రవ్యరాశి ఇంటూ త్వరణం" అని నిద్రలో లేపి అడిగినా చెబుతారు. మూడు దిమ్మెలు, రెండు కప్పీలు ఇచ్చినా లెక్క తేల్చేస్తారు. అదే పిల్లలను ఒక చిన్న ప్రశ్న అడిగి చూడాలి: మెట్రో రైలు తిన్నటి పట్టాల మీద గంటకు 60 కిలోమీటర్ల నిలకడ వేగంతో పోతోంది, దాని మీద ఫలిత బలం, అంటే అన్ని బలాలూ కలిపితే మిగిలేది, ఎటువైపు ఉంది? "ముందుకు" అని చటుక్కున వచ్చే జవాబులు తక్కువేమీ ఉండవు. సరైన జవాబు సున్నా. కదులుతోంది కాబట్టి ఎవరో తోస్తూ ఉండాలి అనే నమ్మకం సూత్రం కింద చెక్కుచెదరకుండా అలాగే ఉండిపోయింది. ఇందులో పిల్లల తప్పు లేదు. అరిస్టాటిల్ నాటి నుంచి గెలీలియో దాకా సుమారు రెండు వేల ఏళ్ళు మహా పండితులే అలా అనుకున్నారు. సైకిల్ తొక్కడం ఆపితే ఆగిపోతుందన్న రోజువారీ అనుభవం అందరికీ అదే నేర్పుతుంది. ఘర్షణ అనే కనబడని బలం ఎదురు లాగుతోందని ఆ అనుభవం చెప్పదు. అది చెప్పాల్సింది ప్రయోగం.

ఆ ప్రయోగానికి పెద్ద ల్యాబ్ అక్కర్లేదు. ఒక మెత్తటి స్ప్రింగు, ఒక స్కేలు, ఒక ఖాళీ నీళ్ళ సీసా, మందు సీసాతో వచ్చే కొలత మూత చాలు. స్ప్రింగును కిటికీ ఊచకు కట్టి, కింద సీసా వేలాడదీసి, వంద మిల్లీలీటర్ల చొప్పున నీళ్ళు పోస్తూ పోవాలి. వంద మిల్లీలీటర్ల నీళ్ళంటే వంద గ్రాములు, కాబట్టి తూకపు రాళ్ళతో పని లేదు. ఖాళీ సీసాతో స్ప్రింగు పొడవు 12 సెంటీమీటర్లు అనుకుందాం. వంద గ్రాములకు 14, రెండు వందలకు 16, మూడు వందలకు 18, నాలుగు వందలకు 20.

సరిగ్గా ఇక్కడే పెద్ద పొరపాటు జరుగుతుంది. బరువు రెండింతలైతే పొడవు రెండింతలవుతుందని రాసేస్తారు. పట్టిక చూస్తే రెండు వందల గ్రాములకు 16, నాలుగు వందలకు 20. రెండింతలు కానే కాదు. రెండింతలయింది సాగుదల: 4 సెంటీమీటర్లు 8 అయ్యాయి. మొత్తం పొడవు వేరు, మొదటి పొడవు మీద పెరిగిన పొడవు వేరు. గ్రాఫు గీసేటప్పుడు పొడవును వేస్తే గీత మూలబిందువు గుండా పోదు, సాగుదల వేస్తే పోతుంది. ఈ తేడా ఒక్కసారి తన చేత్తో గీసి చూసుకున్న విద్యార్థి మళ్ళీ తప్పు చేయడు. చూడకుండా బట్టీ పట్టినవాడు ఇంటర్‌లోనూ చేస్తాడు.

ఇంకో చిక్కు కూడా ఉంది. చుట్టలు ఒకదానికొకటి అతుక్కుని బిగువుగా ఉన్న స్ప్రింగులు కొన్ని ఉంటాయి. వాటికి మొదట కొద్ది బరువు వేలాడదీసినా చలనం ఉండదు. తయారీలోనే చుట్టల మధ్య కొంత బిగి పెట్టి ఉంటారు, ఆ బిగి విడిచేదాకా స్ప్రింగు సాగదు. అప్పుడు గ్రాఫు మూలబిందువు దగ్గర కాకుండా కాస్త పక్క నుంచి మొదలవుతుంది. చాలా రికార్డు పుస్తకాల్లో ఈ మొదటి రీడింగును "సరిచేసి" గీతను మూలబిందువుకు లాక్కొస్తారు. ఇది చూసి బాధపడాలి. స్ప్రింగు నిజం చెబితే, ఆ నిజాన్ని కొట్టేసి పుస్తకంలోని బొమ్మను రాయడం సైన్సుకు పూర్తిగా విరుద్ధం. ఆ పక్కకు జరిగిన గీతను అలాగే ఉంచి, ఎందుకలా వచ్చిందో రెండు వాక్యాలు రాసిన పిల్లకు మార్కులు ఎక్కువ వేయాలి.

సాగుదలకూ బలానికీ ఉన్న ఈ నిష్పత్తిని కనిపెట్టింది రాబర్ట్ హుక్. 1676లో ఆయన దాన్ని అక్షరాలు కలగాపులగం చేసిన పొడుపుగా ప్రకటించి, 1678లో విప్పి చెప్పాడు: "ఊట్ టెన్సియో, సిక్ విస్". లాటిన్‌లో ఆ మాటకు సాగుదల ఎంతో బలం అంత అని అర్థం. న్యూటన్ గమన నియమాలున్న ప్రిన్సిపియా 1687లో వచ్చింది. అంటే బలానికి కొలత, దానికి సంపూర్ణమైన సిద్ధాంతం కన్నా తొమ్మిదేళ్ళు ముందే అచ్చులో ఉంది. చరిత్రలో కొలబద్ద ముందు, సూత్రం తర్వాత. బడిలో మాత్రం సూత్రం తొమ్మిదిలో, స్ప్రింగు ఇంటర్‌లో.

ఇంతకీ స్ప్రింగు ఎందుకలా సాగుతుంది? చుట్ట సాగినప్పుడు తీగ పొడవు పెరుగుతుందనిపిస్తుంది, నిజానికి దాదాపు పెరగదు. తీగ మెలిపడుతుంది. తడి బట్టను పిండినట్టు, ప్రతి చుట్టలోనూ తీగ తన చుట్టూ తాను రవ్వంత తిరుగుతుంది. ఆ రవ్వంతలన్నీ కలిసి కంటికి కనిపించేంత సాగుదల అవుతుంది. అందుకే చుట్టలు ఎక్కువున్న స్ప్రింగు మెత్తన. ఒక స్ప్రింగును సగానికి కోస్తే మిగిలిన సగం రెండింతలు గట్టిది, ఎందుకంటే అదే బరువుకు మెలిపడే చుట్టలు సగమే. స్ప్రింగు ఒక మీటరు సాగాలంటే ఎంత బలం కావాలో చెప్పే అంకెను "స్ప్రింగు స్థిరాంకం" అంటారు. ఆ మాట వినగానే అది లోహానికి సంబంధించిన అంకె అనుకుంటారు. లోహానికే కాదు, తీగ మందానికి, చుట్ట వెడల్పుకు, చుట్టల సంఖ్యకు కూడా సంబంధించిన అంకె అది. పై లెక్కలోని స్ప్రింగుకు వంద గ్రాములకు 2 సెంటీమీటర్లు. హైదరాబాద్‌లో గురుత్వ త్వరణం సుమారు 9.78, కాబట్టి వంద గ్రాముల భారం 0.978 న్యూటన్లు. భాగిస్తే మీటరుకు దాదాపు 49 న్యూటన్లు. పేజీ నిండా లెక్కలు చేసినా రాని స్పష్టత, ఈ ఒక్క అంకెను తన చేత్తో రాబట్టుకుంటే వస్తుంది.

ఇప్పుడు మళ్ళీ కాటా ముల్లు దగ్గరకు రావాలి. బండ లేపగానే ముల్లు 29న్నర దగ్గర ఆగకుండా దాటిపోయింది. ఎందుకు? స్ప్రింగు పైకి లాగే బలం, భూమి కిందికి లాగే బలం సరిసమానమయ్యే చోటు అదే కదా, ఫలిత బలం అక్కడ సున్నా కదా, మరి ఆగాలి కదా? ఆగదు. ఎందుకంటే ఆ చోటికి వచ్చేసరికి బండకు వేగం ఉంది. ఫలిత బలం సున్నా అంటే వేగం సున్నా అని అర్థం కాదు, ఆ క్షణానికి వేగంలో మార్పు సున్నా అని. ఉన్న వేగంతో అది ముందుకు పోతుంది. సీసాను కిందికి లాగి వదిలి నిదానంగా చూస్తే సంగతి మరింత స్పష్టం. సీసా మధ్యలో, ఫలిత బలం ఏమీ లేని చోట, అన్నిటికన్నా జోరుగా ఉంటుంది. పైనా కిందా చివరల్లో ఒక్క క్షణం ఆగుతుంది, ఫలిత బలం అత్యధికంగా ఉండేది ఆ రెండు చోట్లే. బలం ఉన్నచోట కదలిక లేదు, కదలిక ఉన్నచోట బలం లేదు. కదలాలంటే బలం కావాలన్న పాత నమ్మకాన్ని ఇంత సూటిగా పడగొట్టే దృశ్యం బడి స్థాయిలో మరొకటి దొరకదు. తొమ్మిదో తరగతి గమన నియమాలు మొదలుపెట్టే రోజున ప్రతి బెంచీ ముందూ ఒక సీసా ఊగితే బాగుంటుంది.

ఊపుల్లో ఇంకో సంగతి ఉంది. నాలుగు వందల గ్రాముల నీళ్ళతో ఆ స్ప్రింగు ఒక ఊపుకు తీసుకునే కాలం లెక్కప్రకారం 0.57 సెకన్లు, ఇరవై ఊపులకు పదకొండు సెకన్ల పైచిలుకు. సీసా, స్ప్రింగు బరువులు కూడా కలుస్తాయి కాబట్టి నిజంగా కొలిస్తే కాస్త ఎక్కువే వస్తుంది. ఊగేవాటన్నిటి బరువూ నాలుగింతలైతే కాలం రెండింతలు. ఈ ఊపు కాలం భూమి లాగుడు మీద ఆధారపడదు, ద్రవ్యరాశి మీద, స్ప్రింగు గట్టిదనం మీదే ఆధారపడుతుంది. అందుకే తూకం పనిచేయని అంతరిక్షంలో కూడా స్ప్రింగు పనిచేస్తుంది. 1973లో అమెరికా అంతరిక్ష కేంద్రం స్కైలాబ్‌లో వ్యోమగాములు స్ప్రింగు కుర్చీలో కూర్చుని ఊగి, ఊపు కాలాన్ని బట్టి తమ ద్రవ్యరాశి కొలుచుకున్నారు.

ద్రవ్యరాశి వేరు, భారం వేరు అని పుస్తకం చెబుతుంది. కాటా మీద కిలోలు అచ్చు వేసి ఉండటం వల్ల ఆ తేడా చెరిగిపోతోంది. పాత పేపర్లు కొనేవాళ్ళ స్ప్రింగు కాటా, కిరాణా కొట్టులో ఒకప్పుడుండే రెండు తక్కెళ్ళ త్రాసు పైకి ఒకే పని చేసినా లోపలి సూత్రం వేరు. త్రాసు ఒక వస్తువును రాళ్ళతో పోలుస్తుంది. చంద్రుడి మీదికి తీసుకెళ్ళినా కిలో బియ్యానికి కిలో రాయే సరితూగుతుంది. స్ప్రింగు కాటా లాగుడును కొలుస్తుంది. చంద్రుడి మీద అదే కిలో బియ్యానికి ఆరోవంతే చూపిస్తుంది. అంత దూరం పోనక్కర్లేదు, అపార్ట్‌మెంట్ లిఫ్టు చాలు.

గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ వైపు ముప్పై అంతస్తుల భవనాలు సాధారణమయ్యాయి. అలాంటి లిఫ్టులో ఇరవై లీటర్ల వాటర్ క్యాన్‌ను కొక్కెం కాటాకు వేలాడదీశారనుకుందాం, క్యాన్ సొంత బరువు పక్కన పెడదాం. లిఫ్టు కదలకముందు 20. పైకి బయలుదేరే ఒకటి రెండు సెకన్లు, త్వరణం సెకనుకు సెకనుకు 1 మీటరైతే, ముల్లు 22 చూపిస్తుంది. తర్వాత అయిదో అంతస్తు నుంచి ఇరవై అయిదో అంతస్తు దాకా నిలకడగా పోతున్నంతసేపూ మళ్ళీ 20. పైన ఆగబోయేటప్పుడు 18. నీళ్ళు మారలేదు, భూమి మారలేదు. క్యాన్ భుజాన వేసుకుని లిఫ్టులో ఎక్కే కుర్రాడికి ఈ 22 భుజం మీదే తెలుస్తుంది.

ఇందులో అందరూ దాటేసేది మధ్యలోని 20. లిఫ్టు జోరుగా పైకి పోతున్నా కాటా నేల మీద నిలబడ్డప్పటి అంకెనే చూపిస్తోంది. అంటే నిలకడగా పైకి తీసుకుపోవడానికి, ఊరికే పట్టుకుని నిలబడటానికి కావాల్సిన బలం ఒకటే. అదనపు బలం కావాల్సింది వేగం మార్చడానికే. న్యూటన్ మొదటి నియమమూ రెండో నియమమూ ఒకే ప్రయాణంలో, ఒకే ముల్లు మీద చదువుకోవచ్చు.

ఇదే సంగతిని మెట్రోలో పక్కకు తిప్పి చూడొచ్చు. తాళంచెవుల గుత్తిని దారానికి కట్టి వేలాడదీస్తే, రైలు స్టేషన్ వదిలేటప్పుడు గుత్తి వెనక్కి వాలుతుంది. త్వరణం 1 అయితే వాలు సుమారు ఆరు డిగ్రీలు. నిలకడ వేగం అందుకోగానే నిట్టనిలువుగా వేలాడుతుంది. తర్వాతి స్టేషన్‌కు బ్రేకు వేయగానే ముందుకు వాలుతుంది. రైలు ఎంత వేగంగా పోతోందో గుత్తి చెప్పదు, చెప్పలేదు. వేగం ఎంత మారుతోందో మాత్రమే చెబుతుంది. నిలకడగా పోతున్నప్పుడు మోటార్లు ఎందుకు పనిచేస్తాయంటే, ఎదురుగాలి, చక్రాల దగ్గరి నిరోధం వెనక్కి లాగే బలానికి సరిపోయేంత ముందుకు తోయడానికి. రెండూ కలిపితే సున్నా. ఆర్టీసీ బస్సులో బ్రేకు పడ్డప్పుడు నిలబడ్డవాళ్ళు ముందుకు తూలితే "ఎవరో తోసినట్టయింది" అంటారు. ఎవరూ తోయలేదు. బస్సు ఆగింది, కాళ్ళు బస్సుతో పాటు ఆగాయి, పై శరీరం పాత వేగంతోనే ఉంది.

మూడో నియమానికీ స్ప్రింగే సాక్షి. ఒక స్ప్రింగు త్రాసును గోడకు తగిలించి 50 న్యూటన్ల బలంతో లాగితే ఎంత చూపిస్తుంది? 50. గోడ తీసేసి అటువైపు ఇంకొకరు కూడా 50తో లాగితే? వంద అనేవాళ్ళు క్లాసులో సగం మంది ఉంటారు. జవాబు 50. రెండోవాడు చేస్తున్న పని ఇంతకుముందు గోడ చేసిందే, గోడ కూడా 50తో ఎదురు లాగింది. లాగకపోతే త్రాసు లాగినవాడి చేతికి వచ్చేసేది. గోడ లాగుతుందంటే ముందు నవ్వుతారు, రెండు త్రాసులు ఒకదానికొకటి తగిలించి చూపిస్తే నమ్ముతారు.

హుక్ చెప్పింది కొంతదూరమే చెల్లుతుంది. బాల్‌పెన్ స్ప్రింగును రెండు చేతులా బాగా లాగి వదిలితే అది మళ్ళీ చుట్టుకోదు, పొడుగ్గా ఉండిపోతుంది. స్థితిస్థాపక అవధి దాటిందన్నమాట. లోహంలోని పరమాణువులు చోటు మార్చుకుని కొత్త చోట స్థిరపడ్డాయి, వెనక్కి రావడానికి వాటికి కారణం లేదు. ఆటోనగర్ షెడ్లలో లారీ కమాన్ కట్టలు విప్పే మెకానిక్‌కు ఈ మాట పుస్తకం లేకుండానే తెలుసు. కమాన్ కట్ట అంటే వంపు తిరిగిన ఉక్కు పట్టీల దొంతర. పట్టీలు ఎన్ని ఉంటే కట్ట అంత గట్టిది, ఎందుకంటే అన్నీ కలిసి బరువు పంచుకుంటాయి. మోయాల్సిన దానికన్నా ఎక్కువ ఇసుక నింపుకుని రోజూ తిరిగే లారీకి కమాన్ల వంపు తగ్గిపోతుంది, సరుకు దించినా పాత వంపు రాదు. కట్ట విప్పి మళ్ళీ వంపు పెట్టించాలి, లేదా పట్టీ మార్చాలి.

వంతెనకూ ఇదే లెక్క. 2020 సెప్టెంబరులో తెరిచిన దుర్గం చెరువు కేబుల్ బ్రిడ్జి ప్రధాన విస్తారం, అంటే రెండు పెద్ద స్తంభాల మధ్య దూరం, 234 మీటర్ల దాకా ఉంటుంది. దాన్ని మోసే తీగలను చూస్తే కదలని కడ్డీల్లా కనిపిస్తాయి కానీ అవీ స్ప్రింగులే, మహా గట్టి స్ప్రింగులు. వంద మీటర్ల ఉక్కు తీగలో చదరపు మిల్లీమీటరుకు 500 న్యూటన్ల బిగి ఉంటే అది దాదాపు 25 సెంటీమీటర్లు సాగుతుంది. జానెడు కన్నా ఎక్కువే. వంతెనలకు లోడ్ టెస్ట్ చేసేటప్పుడు బరువు నింపిన లారీలను వరసగా నిలబెట్టి, వంతెన ఎంత కిందికి వంగిందో మిల్లీమీటర్లలో కొలుస్తారు. తర్వాత లారీలు తీసేసి ఎంత వెనక్కి వచ్చిందో కొలుస్తారు. రెండో కొలతే అసలు పరీక్ష. వంగడం తప్పు కాదు, వంగాల్సిందే. వెనక్కి రాకపోతేనే ప్రమాదం. కిటికీ ఊచకు కట్టిన స్ప్రింగు ప్రయోగంలో బరువులు పెంచుతూ తీసుకున్న రీడింగులను, తగ్గిస్తూ మళ్ళీ తీసుకోమనేది ఇందుకే. ఆ రెండో వరసను ఇంట్లో కూర్చుని ఊహించి రాసేస్తుంటారు. స్ప్రింగుకు బదులు రబ్బరు బ్యాండు కట్టి చూస్తే ఊహకు అందదు: గ్రాఫు తిన్నగా రాదు, ఎక్కేటప్పటి గీత, దిగేటప్పటి గీత రెండు వేరు వేరు దారులు పడతాయి. ఆ మధ్యలో పోయిన శక్తి వేడిగా మారింది.

స్ప్రింగు కాటాను ఎంత సూక్ష్మంగా చేయవచ్చో చూడాలంటే హబ్సిగూడ వైపు వెళ్ళాలి. 1961లో ఏర్పడిన జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ అక్కడే, ఉప్పల్ రోడ్డులో ఉంది. భూమి అడుగున ఎక్కడ బరువైన శిల ఉంది, ఎక్కడ తేలికైనది ఉంది అని తెలుసుకోవడానికి భూభౌతిక శాస్త్రవేత్తలు వాడే గ్రావిమీటర్లలో ఎక్కువ భాగం, మూలంలో, ఒక స్ప్రింగుకు వేలాడే చిన్న బరువే. కింద బరువైన శిల ఉంటే భూమి లాగుడు రవ్వంత పెరుగుతుంది, స్ప్రింగు రవ్వంత ఎక్కువ సాగుతుంది. మంచి గ్రావిమీటరు గురుత్వ త్వరణంలో పది కోట్ల వంతు తేడాను కూడా పసిగడుతుంది. ఒక అంతస్తు మెట్లెక్కితే భూమి లాగుడు తగ్గేది సుమారు పది లక్షల వంతు. అంటే గ్యాస్ బండ కాటా ఏ జన్మలోనూ చూపించలేని ఆ తేడా గ్రావిమీటరుకు కొండంత.

అంత సూక్ష్మమైనది కాబట్టే దానికి సేవలూ ఎక్కువ. వేడి మారితే స్ప్రింగు గట్టిదనం మారుతుంది, అందుకని లోపల ఒకే ఉష్ణోగ్రత నిలుపుతారు. ఏ బరువూ మారకపోయినా స్ప్రింగు గంటగంటకూ ఇంచుక సాగుతూనే ఉంటుంది. కాబట్టి సర్వేకు వెళ్ళినవాళ్ళు నాలుగైదు చోట్ల రీడింగు తీశాక, పొద్దున మొదలుపెట్టిన చోటికే జీపు తిప్పుకుని వచ్చి, అక్కడ మళ్ళీ కొలిచి, ఆ కాసేపట్లో తమ జీరో ఎంత జరిగిందో చూసుకుంటారు.